కిటికీలు మూసి వండిన కూర

ఓవెన్‌లో మంట ఎక్కడ పుడుతుందో జాహెదాకు తెలియదు. దమ్మామ్‌లో కంపెనీ వాళ్ళిచ్చిన ఈ క్వార్టర్లోకి వచ్చినప్పటి నుంచీ, పొయ్యి కింద ఉన్న ఆ ఇనుప అర ఆమెకు గిన్నెలు దాచుకునే అలమారే. ఆ శుక్రవారం పొద్దున్నే దాని ముందు గొంతుక్కూర్చుని దోసెల పెనం, చిల్లుల గరిటె, మూత వంకరపోయిన కుక్కరు, పెళ్ళప్పుడు అమ్మ ఇచ్చిన సత్తు తపేలా ఒక్కొక్కటే బయటికి తీసి నేల మీద పరిచింది. అన్నిటికన్నా చివర ఒక చచ్చిన బొద్దింక వచ్చింది. దాన్ని చీపురుతో మూలకు తోసి, ఎవరూ చూడలేదు కదా అని వెనక్కి తిరిగితే గుమ్మంలో భర్త సుభాని నిలబడి ఉన్నాడు.

“డెరిక్ సారు భోజనానికి వచ్చేది ఈ ఇంటికేనా అని సిగ్గయితాంది నాకు,” అన్నాడు. గొంతు పెంచలేదు. సుభాని ఎప్పుడూ గొంతు పెంచడు. అందుకే అతను అన్న మాటలు ఆమెకు చాలాకాలం వినిపిస్తూనే ఉంటాయి.

లోపలికి వచ్చి వంగి, గ్యాసు తిప్పి, అడుగున ఉన్న చిల్లు దగ్గర అగ్గిపుల్ల పెట్టి చూపించాడు. భగ్గుమని నీలంగా లేచిన మంట కాసేపటికి పసుపు రంగుకు తిరిగింది. ఫ్రిజ్‌లోంచి మాంసం తనే తీసి బల్ల మీద పెట్టాడు. దూడంత ఉందనిపించే ఒకే ముద్ద, మధ్య మధ్య తెల్లటి దారంతో బిగించి కట్టి ఉంది. “ముక్కలు కొయ్యగాకు. దారం ఇప్పగాకు. ఉప్పు, మిరియాలు, అంతే. మసాలా వాసన రాగూడదు. లోపల కొంచెం ఎర్రగా ఉంటేనే సారుకు ఇష్టమంట.”

“ఎర్రగా అంటే, నెత్తురు కనపడేట్టా?”

“నువ్వు తినేది లేదు గదా. నీకెందుకు.” ఆమె మొహం చూసి కొంచెం తగ్గాడు. “ఇంత బయపడతావేంది. మీ అమ్మ దినామూ చేసే పనే గదా. నీకు రాకపోతే ఇంకెవరికొస్తాది.”

పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఆమె తల్లి చేసే పని గురించి నోరు తెరిచి మాట్లాడటం అదే మొదటిసారి. అది మెచ్చుకోలు లాగే అన్నాడు. జాహెదాకు మాత్రం చెవుల దగ్గర్నుంచి మెడ దాకా వేడెక్కింది. నలుగురి మధ్య ఉండగా ఎవరో పైట లాగినట్టనిపించింది. తలవంచుకుని నేల మీది గిన్నెలను అనవసరంగా ఒకదాంట్లో ఒకటి సర్దడం మొదలుపెట్టింది. అతను కుర్చీలు అడిగి తేవడానికి వెళ్ళిపోయాడు. అటునుంచి అటే జుమా నమాజుకు పోయి, ఆ తరువాత సారునూ ఆయన భార్యనూ వెంటబెట్టుకొస్తాడు.

ప్రొద్దుటూర్లో లారీల స్టాండు వెనక అమ్మ మహబూబ్బీ అంగడికి బోర్డు లేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు బస్తాలు మోసేవాళ్ళు, రంగులేసేవాళ్ళు, డ్రైవర్లు వచ్చి “అమ్మా, కూర ఉండాదా” అని అడిగేవాళ్ళు. ఏం కూర అని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. పెద్దకూర అనే మాట ఆ అంగట్లో ఎప్పుడూ గట్టిగా పలకలేదు. కొందరు ముందు వాకిలి నుంచి వచ్చేవాళ్ళు కారు, తలమీద తువ్వాలేసుకుని వెనక సందులోంచి వచ్చి, చాపతో మరుగు కట్టిన చోట కూర్చుని తిని, మూతి తుడుచుకుని, వక్కపొడి నమిలి పోయేవాళ్ళు. అమ్మ వాళ్ళకే ఇంకో గరిటె ఎక్కువ వేసేది. నాయన నన్నేసాహెబ్ రొమ్ములో జబ్బు చేసి మంచం పట్టిన ఏడాది, ఎనిమిదో తరగతి సగంలో, మసాలా నూరడానికి మనిషి కావలసి వచ్చింది. జాహెదా బడి మానేసింది. మానేసినందుకు ఆమె ఏడవలేదు. బడిలో పక్కన కూర్చునే పిల్ల రోజూ కొంచెం కొంచెంగా బెంచీ చివరకు జరిగిపోవడం ఇక చూడనక్కర్లేదు కదా అనుకుంది. ఆ మాట అమ్మకు ఎప్పుడూ చెప్పలేదు.

సుభాని వాళ్ళు పిల్ల రంగు చూసి ఒప్పుకున్నారు. అత్త మేరాజ్ బేగం ఒక్క షరతు పెట్టింది. పిల్ల పుట్టింటి అంగడి మాట ఎక్కడా రాకూడదు, అడిగితే చిన్న హోటలని చెప్పాలి. “మా ఇంట్లో పొట్టేలు కూర తప్ప ఇంకోటి వాకిలి దాటి రాలే. నీ అలవాట్లన్నీ ఆ పక్కనే ఇడిసిపెట్టి రా,” అంది. పెళ్ళయిన మర్నాడు తలంటు పోసుకుని కూర్చుంటే, దువ్వుతానని దగ్గరికి తీసుకుని, జుట్టు పిడికిట్లో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. “కుంకుడుకాయ ఎంత రుద్దినా పోలేదే నీ తల్లి అంగడి వాసన,” అని నవ్వింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. జాహెదా కూడా నవ్వింది. ఆ నవ్విన సంగతే ఇప్పటికీ ఆమెకు గుర్తుకు వస్తుంది, అత్త అన్న మాట కన్నా ఎక్కువగా. కానుపుకు అమ్మ చూడటానికి వస్తే వసారాలోనే కూర్చోబెట్టి, “మా వంటలు మీకు రుచించవులే,” అని మంచినీళ్ళిచ్చి పంపారు. గుమ్మం చాటు నుంచి జాహెదా అమ్మ వీపు చూసింది. వెళ్ళి చెయ్యి పట్టుకోలేదు.

ఆ ఇంటికే మళ్ళీ వెళ్ళాల్సి వస్తుందేమోనన్నది ఇప్పటి భయం. యుద్ధం ఆగినాక సరిహద్దు ఊరు ఖఫ్జీలో కూలిపోయినవి మళ్ళీ కట్టే పనులు మొదలయ్యాయి. తను పనిచేసే స్టోర్స్ నుంచి ఒక మనిషిని అక్కడికి పంపాలని, అక్కడ కుటుంబాలకు ఇళ్ళు లేవని, క్యాంపులో ఒంటరిగా ఉండాలని సుభాని చెప్పాడు. అతన్ని పంపితే ఈ క్వార్టర్ పోతుంది. ఆమె, కూతురు రుఖయ్యా, చంటివాడు ఫారూఖ్ మేరాజ్ బేగం ఇంటికి పోవాలి. రుఖయ్యా ఇక్కడి ఇండియన్ స్కూల్లో ఇంగ్లీషు గడగడా మాట్లాడటం నేర్చుకుంటోంది. ఎవరిని పంపాలో చెప్పేది అతని పైఅధికారి డెరిక్ సారే. యుద్ధానికి ముందు పంపించేసిన భార్య ఇన్నాళ్ళకు తిరిగొచ్చిందని, ఇంట్లో వండిన రోస్టు బీఫ్ తిని ఏడాది దాటిపోయిందని ఆయన ఆఫీసులో ఎవరితోనో అంటుంటే, “మా ఇంట్లో చాలా బాగా చేస్తారు సార్,” అని సుభాని నోరుజారాడు. అట్లా ఆమెకు పని పడింది.

హాల్లో టీవీ ముందు కూర్చున్న రుఖయ్యా బొమ్మల కార్యక్రమం అయిపోయిందని వంటింట్లోకి వచ్చి, బల్ల మీద ఉన్నదాన్ని చూసి ఆగిపోయింది.

“ఏందమ్మా అది?”

“మాంసం.”

“పొట్టేలా?”

జాహెదా జవాబు చెప్పేలోపే పిల్ల ముక్కు పట్టుకుంది. “ఛీ. అది తినేటోళ్ళు మంచోళ్ళు కాదంట. జేజి చెప్పింది.”

“ఎప్పుడు చెప్పింది?” అత్త మాట కూతురి నోట విని అడిగింది జాహెదా.

“ఊరికి పోయినప్పుడు. మన ఇంట్లో ఎవురూ తినమంట. అలగాజనం తింటారంట.” మళ్ళీ టీవీ దగ్గరికి పరుగెత్తింది.

జాహెదా చేతులు కడుక్కుని మాంసం మీద పెట్టింది. ఆ చల్లదనం తగలగానే, ఆమెకు తెలియకుండానే చేతులు పని అందుకున్నాయి. బొటనవేలితో నొక్కి చూస్తే కండ ఎటు సాగిందో తెలిసింది. ముసలి పశువు కాదు, బొప్పాయి తొక్క అవసరం లేదు. సుభాని ఉప్పు మిరియాలే అన్నాడు కానీ, అమ్మ చేసినట్టే కత్తి మొనతో లోతుగా గాట్లు పెట్టి, ఒక్కో గాటులో ఒక వెల్లుల్లి రెబ్బను కనపడకుండా దూర్చింది. కొవ్వు ఉన్న వైపు పైకి పెట్టింది. చేతులకు ఇదంతా తెలిసి ఉండటం ఆమెకు ఇష్టంగానూ ఉంది, ఆ ఇష్టం ఎవరైనా చూస్తారేమోనని భయంగానూ ఉంది. అన్నేళ్ళుగా మరిచిపోయానని అందరికీ చెప్పుకున్న చేతులు ఇవి.

ట్రే లోపల పెట్టి తలుపు మూశాక గుర్తొచ్చింది, ఎదురింట్లో ఊర్మిల ఉంటుందని.

ఊర్మిలది గుంటూరు వైపు. భర్త అదే కంపెనీలో ఇంజనీరు. ఆమె రుఖయ్యా చదివే స్కూల్లోనే టీచరు. ఈ బిల్డింగులో జాహెదాకు తలుపు తట్టగలిగిన గడప అదొక్కటే. స్కూలు కాగితాల మీద సంతకం ఎక్కడ పెట్టాలో చూపించేది, ఫారూఖ్ కడుపులో ఉన్నప్పుడు ఆస్పత్రిలో ఇంగ్లీషు మాట్లాడిపెట్టేది ఆమే. వాళ్ళు గుడ్డు కూడా ముట్టరు. పరిచయమైన కొత్తలో, అడక్కముందే, “మేము కూడా పొట్టేలు కూరే అక్కా, ఇంకోటి ముట్టం,” అని చెప్పింది జాహెదా. ఊర్మిల, “సరేలే,” అంది. ఎందుకు చెబుతున్నావని కూడా అడగలేదు. ఇప్పుడు ఈ వాసన మెట్ల మీదికి పోతే ఆమెకు తెలుస్తుంది. తెలిస్తే ఏమవుతుంది? బెంచీ చివరకు జరుగుతుంది. ఇంకేమీ కాదు. జాహెదాకు అంతకన్నా పెద్ద భయం లేదు.

వంటింటి కిటికీ అంచున యుద్ధంలో వేసిన గోధుమరంగు టేపు సగం ఇంకా అలాగే ఉంది. అప్పట్లో సైరన్ మోగగానే అందరూ వంటింట్లోకే దూరేవాళ్ళు. నీళ్ళున్న గది అని సుభాని దానికే సందులన్నీ మూశాడు, విషవాయువు వస్తుందేమోనని. ఆ టేపు చుట్ట ఇంకా సొరుగులో ఉంది. జాహెదా కుర్చీ ఎక్కి కిటికీ నాలుగు వైపులా మళ్ళీ అంటించింది. ఫ్యాను చిల్లుకు అట్టముక్క అడ్డం పెట్టి దానికీ టేపు వేసింది. తలుపు మూసి, తువ్వాలు తడిపి కింది సందులో కుక్కింది. హాల్లో చలిగా ఉందని ఫారూఖ్‌ను బుట్టతో సహా తన దగ్గరే, ఓవెన్ పక్కన వెచ్చగా పెట్టుకుంది. అంతా సర్దాక గోడకు ఆనుకుని కూర్చుంది. అప్పుడు బయటి గాలి లోపలికి రాకూడదని మూశారు. ఇప్పుడు లోపలి గాలి బయటికి పోకూడదని ఆమె మూసింది.

కొవ్వు కరిగి చిటపటలాడటం మొదలైంది. మెల్లగా వాసన లేచింది. గదిలోంచి పోవడానికి దారి లేక ఆమె చుట్టూనే తిరిగింది. సాయంత్రపు దీపాలు, అమ్మ పాత చీర చెంగు, గరిటె అంచున అమ్మ చల్లార్చి నోట్లో పెట్టే మొదటి ముక్క, అన్నీ వచ్చాయి. కళ్ళు మూసుకుంది. నోట్లో నీళ్ళూరాయి. నీళ్ళూరినందుకు సిగ్గేసింది. తల కొంచెం నొప్పిగా ఉంది. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు కదా, అందుకే అనుకుంది. కాసేపటికి లేచి ఉల్లిగడ్డలు తరగాలని అనుకుంది గానీ కాళ్ళు లేవనంటున్నాయి. భయపడినప్పుడు ఆమెకు ఎప్పుడూ ఇట్లాగే ఒళ్ళు బరువెక్కుతుంది. డెరిక్ సారు భార్య ఏ చీర కట్టుకుంటుందో, చీర కట్టుకోదు కదా, మరి తను ఏం కట్టుకోవాలి, పాలు కారి రవిక తడిసిపోతే ఎట్లా, ఆలోచనలు ఒకదాని మీద ఒకటి పడి తిరుగుతున్నాయి. కడుపులో తిప్పింది. పాలిచ్చే వేళ దాటిపోయిందని రొమ్ములు సలపరిస్తే అప్పుడు తోచింది, వీడు ఇంకా ఏడవలేదేమని.

బుట్టలోకి వంగింది. ఫారూఖ్ తల ఒక పక్కకు వాలి ఉంది. మూతి పక్కన కక్కిన పాలు ఆరిపోయాయి. చెంప తట్టింది. అరికాలు గిల్లింది. కాలు వెనక్కి తీసుకోలేదు.

లేచి తలుపు లాగితే రాలేదు. కింద తడి తువ్వాలు బిగుసుకుపోయింది. బిడ్డను భుజాన వేసుకుని, ఓవెన్ మీట తిప్పి ఆర్పేసి, రెండు చేతులా లాగితే తలుపు ఒక్కసారిగా ఊడొచ్చింది. హాలు దాటి, వీధి తలుపు తీసుకుని మెట్ల మీదికి వచ్చిపడింది. “ఊర్మిలక్కా,” అన్నానని ఆమె అనుకుంది. అన్నది రుఖయ్యా. పిల్ల ఎదురింటి తలుపు రెండు చేతులతో బాదుతోంది.

ఊర్మిల తలుపు తీసింది. జాహెదా వెనకాలే ఆ వాసనంతా కూడా మెట్ల మీదికి వచ్చేసింది. ఊర్మిల చెయ్యి పైట అంచు పట్టుకుని ముక్కు దాకా వెళ్ళింది. జాహెదా అది చూసింది. ఆ క్షణంలో కూడా, ఒంట్లో తెలివి లేని బిడ్డను భుజాన పెట్టుకుని, ఆమె నోట్లోంచి ముందుగా వచ్చిన మాట, “వాసన అక్కా, ఏమనుకోగాకు,” అని.

“వాసనేంటి, పిల్లాణ్ణి ఇటివ్వు,” అంటూ ఊర్మిల బిడ్డను లాక్కుని, చెప్పుల్లేకుండా మెట్లు దిగింది. కింద వాకిట్లో చలిగాలి కొడుతోంది. వీపు రుద్దింది, తలకిందులుగా పట్టుకుంది, మొహాన నీళ్ళు చిలకరించింది. కింది అంతస్తులో ఉండే కేరళ నర్సు వచ్చి చేతుల్లోకి తీసుకుని కనురెప్పలు విప్పి చూస్తుండగా, ఫారూఖ్ ఒకసారి దగ్గి, ఎర్రగా అయిపోయి, ఏడుపందుకున్నాడు. ఆ ఏడుపు ఎంతసేపు సాగితే అంత మంచిదని నర్సు చెప్పింది. ఈ పూటంతా గాలిలోనే ఉంచమంది, మగతగా అనిపిస్తే క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకురమ్మంది. పైకి వెళ్ళి వంటిల్లు చూసి వచ్చి, గాలి ఆడని గదిలో గ్యాసు మంటే విషమైందని చెప్పి, “యుద్ధం అయిపోయింది కదా, కిటికీలు ఎందుకు మూశారు?” అని హిందీలో అడిగింది. జాహెదా నేలకేసి చూసింది. చలికి దవడలు కొట్టుకుంటున్నాయని అందరూ అనుకున్నారు.

నర్సు వెళ్ళాక ఊర్మిల మెట్ల మీద ఆమె పక్కన కూర్చుంది. బిడ్డ పాలు తాగుతున్నాడు.

“నాకు తెలియకూడదనా?”

జాహెదా తలూపింది.

“నాకా వాసన పడదు జాహెదా. అబద్ధం చెప్పను. తలుపేసుకుని అగరొత్తి వెలిగించుకునేదాన్ని. అంతకన్నా ఏం చేస్తాననుకున్నావు? అందుకని పసిపిల్లాణ్ణి పెట్టుకుని ఊపిరాడకుండా చస్తావా?” ఆమె గొంతులో కోపముంది. “మీ ఆయనకు చెబుతావా, నన్ను చెప్పమంటావా?”

“నేనే చెప్తా అక్కా. ఈ పొద్దు గాదు.”

ఊర్మిల బిడ్డను తన ఇంట్లో, తెరిచిన కిటికీ పక్కన పడుకోబెట్టుకుని చూస్తానంది. జాహెదా పైకి వచ్చి, టేపు ఊడబెరికి, కిటికీ తీసింది. ఓవెన్ చల్లబడుతోంది. మళ్ళీ వెలిగించడానికి చేతులు రాలేదు. మాంసం పైన నల్లబడి, గాట్లలోంచి సన్నగా ఎర్రటి రసం కారుతోంది. ఉడికిందో లేదో కూడా చూడలేదు. ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు పొయ్యి మీద వేయించి పక్కన పేర్చింది. మొహం కడుక్కుంది. అద్దంలో తన కళ్ళలోకి తనే చూడలేకపోయింది. కొడుకు ప్రాణం కన్నా ముందు వాసన గుర్తొచ్చిన మనిషి. ఆ మాట లోపల ఎక్కడో మొదలై, చీర కట్టుకుంటున్నంతసేపూ, పళ్ళేలు తుడుస్తున్నంతసేపూ ఆగకుండా నడిచింది.

డెరిక్ సారు పొడుగ్గా, ఎండకు ఎర్రబడిన మెడతో ఉన్నాడు. ఆయన భార్య మార్గరెట్ మేడమ్ నిండుగా గౌను వేసుకుని, లోపలికి రాగానే రుఖయ్యాను దగ్గరికి తీసుకుంది. ట్రే బల్ల మీదికి వచ్చింది. సుభాని కొత్త కత్తితో తనే కోశాడు. మొదటి ముక్క పక్కకు వాలగానే లోపల గులాబీ రంగు కనపడింది. పచ్చిగానే ఉండిపోయిందని జాహెదా అనుకుంది. సారు మాత్రం కళ్ళు పెద్దవి చేసి, సరిగ్గా ఇట్లాగే ఉండాలని, హోటలు వాళ్ళకు కూడా ఇది చేతకాదని అన్నాడు. మేడమ్ తిని, లోపల వెల్లుల్లి పెట్టారా అని అడిగి, రెండోసారి వేయించుకుంది. సుభాని మొహం వెలిగిపోయింది. ఓవెన్ మధ్యలోనే ఆగబట్టి ఆ రంగు వచ్చిందని అతనికి తెలియదు. బిడ్డ ఏడని కూడా అతను అడగలేదు. ఎదురింట్లో పడుకున్నాడని ఆమె చెబితే, మంచిపని చేశావు, సారుకు గోల లేకుండా, అన్నాడు.

జాహెదా కూర్చోలేదు. గోడ పక్కన నిలబడి, నీళ్ళు అయిపోతే పోస్తూ, తన రవిక ఎక్కడ తడిసిందోనని పైట సర్దుకుంటూ ఉంది. మేడమ్ ఆమె వైపు తిరిగి ఏదో అడిగింది. అర్థం కానట్టు చూస్తే రుఖయ్యా తెలుగులో చెప్పింది. “అమ్మా, నీకు ఎవురు నేర్పించినారని అడుగుతాంది.”

జాహెదా నోరు తెరిచేలోపే సుభాని ఇంగ్లీషులో అందుకున్నాడు. తన తల్లి నేర్పించిందని, ఆమె గొప్పగా వండుతుందని, తమ కుటుంబంలో పాతకాలం నుంచీ ఇట్లా చేస్తారని చెప్పాడు. జాహెదా ఎనిమిదో తరగతి సగం వరకు చదివిన ఇంగ్లీషు ఆ మాటలు అర్థం కావడానికి సరిపోయింది. రుఖయ్యా నమ్మలేనట్టు తండ్రి వైపు చూసింది, తరువాత పళ్ళెంలో ఉన్న మాంసం వైపు చూసింది. జేజి చేస్తుందా, ఇది? పిల్ల కళ్ళలో ఆ ప్రశ్న అట్లాగే నిలబడి ఉంది.

సుభాని అబద్ధం జాహెదాకు కొత్త కాదు. తను కూడా ఇన్నేళ్ళూ అదే చెబుతూ వచ్చింది. అతను చెప్పమన్నాడు కాబట్టి చెప్పాను అనుకునేది. కానీ ఈ పొద్దు కిటికీ మూయమని ఎవరూ చెప్పలేదు. టేపు తనే తీసింది, అట్టముక్క తనే పెట్టింది, తువ్వాలు తనే తడిపింది. మేరాజ్ బేగం ఇక్కడ లేదు. ఆమె పనంతా జాహెదా చేతులే చేసిపెట్టాయి. ఫారూఖ్ కళ్ళు తెరవకపోయి ఉంటే ఏమని చెప్పేది? మా అమ్మ కూర వాసన బయటికి పోకుండా మూసినాను అనా? ఆ మాట వినే అమ్మ మొహం కళ్ళముందు కనిపించింది. ఎదురుగా చూస్తే, ఛీ అని ముక్కు పట్టుకున్న తన కూతురు. ఇంకొన్నేళ్ళకు ఆ పిల్ల ఎవరి బెంచీ చివరకు జరుగుతుందో జాహెదాకు తెలిసిపోయింది.

“పాపా,” అంది. “పాపా, మేడమ్‌కు చెప్పు. నాకు నేర్పించింది మా అమ్మ. మీ అవ్వ. పేరు మహబూబ్బీ.”

సుభాని చేతిలో కత్తి ఆగింది. “జాహెదా,” అన్నాడు మెల్లగా, నవ్వు చెరగకుండా.

“ప్రొద్దుటూర్లో లారీల స్టాండు కాడ మా అమ్మకు అంగడి ఉండాది. పెద్దకూర అంగడి. దినామూ ఇదే వండుతాది. నేను బడి మానేసి ఆమె కాడ మసాలా నూరినా. అంతా చెప్పు.”

రుఖయ్యా తండ్రి వైపు చూసింది, తల్లి వైపు చూసింది. తల్లి కళ్ళు నేల మీదే ఉన్నాయి గానీ, తల ఊగింది. పిల్ల చెప్పింది. మధ్యలో ఒక మాటకు ఇంగ్లీషు దొరక్క ఆగి, మళ్ళీ అందుకుని, చివరిదాకా చెప్పింది. జాహెదా చెంపలు మండుతున్నాయి. ఇప్పుడు ఏదో జరుగుతుందని, కుర్చీలు జరుగుతాయని, ఎవరో లేస్తారని ఎదురుచూసింది. మేడమ్, “ఎవ్రీ డే? హౌ లవ్లీ,” అని ఇంకో ఆలుగడ్డ వేసుకుంది. అంతే.

రుఖయ్యా తన పళ్ళెం ముందుకు జరిపింది. “నాకూ ఒక ముక్క పెట్టమ్మా. అవ్వ చేసేదే గదా.”

జాహెదా పెట్టింది. తనకూ ఒక ముక్క పెట్టుకుని, కుర్చీ లాక్కుని, కూతురి పక్కన కూర్చుంది. మగవాళ్ళ ముందు తినడం అలవాటు లేక మొదటి ముద్ద మింగుడుపడలేదు.

వెళ్ళేటప్పుడు డెరిక్ సారు సుభాని భుజం మీద చెయ్యి వేసి, గుమ్మంలో నిలబడి, సంతోషంగా చెప్పాడు. ఖఫ్జీలో మొదటి నెలలు చాలా కష్టంగా ఉంటాయని, నమ్మకమైన మనిషి కావాలని, సుభానిని తనతోనే తీసుకెళ్ళాలని మొన్ననే నిర్ణయించుకున్నానని. ఈ భోజనం తిన్నాక తన ఎంపిక సరైందేనని తెలిసిందట. సుభాని “థాంక్యూ సార్” అన్నాడు. మెట్ల మీద వాళ్ళ అడుగుల చప్పుడు ఆగేదాకా నవ్వుతూనే నిలబడ్డాడు.

వంటింట్లోకి వచ్చేసరికి జాహెదా ట్రే కడుగుతోంది.

“పరువు తీసినావు.” గొంతు ఇప్పుడు కూడా పెంచలేదు. “వాళ్ళ ముందర, పిల్ల ముందర. ఇందుకేనా నిన్ను తెచ్చి ఈడ పెట్టుకున్యాది.”

“పొద్దున వంటింట్లో వాసన బయటికి పోకుండా అన్నీ మూసి పెట్టినా,” అంది జాహెదా. “ఫారూఖు ఊపిరాడక చచ్చిపోబోయినాడు. ఊర్మిలక్క కాపాడింది. సందేళ ఆస్పత్రికి తీసుకుపో, ఒకసారి చూపించల్ల.”

అతను గోడకు చెయ్యి ఆన్చాడు. అతని మొహంలోనూ రంగు పోయింది. ఒక్క క్షణం, కొడుకు కోసం ఎదురింటికి పరుగెత్తబోతాడనుకుంది. కానీ అతనికి నిలబడటానికి ఏదో ఒకటి కావాలి, చేతికి దొరికింది ఆమే.

“బిడ్డను కూడా చూసుకోలేనిదానివి. వచ్చే నెల టిక్కెట్టు తీస్తా. పిల్లోళ్ళను తీసుకోని పో. మా అమ్మ కాడ ఉంటే తెలుస్తాది నీకు, యాడ ఏం మాట్లాడల్లనో.”

ఇన్నాళ్ళూ ఏ మాటకు భయపడి బతికిందో ఆ మాట వచ్చేసింది. జాహెదా కొళాయి కట్టేసింది. సిగ్గు ఎక్కడికీ పోలేదు, గొంతులోనే ఉంది. దాని పక్కనుంచే మాట తీసింది.

“టిక్కెట్టు తియ్యి. పోతా. మీ ఇంటికి మాత్రం గాదు, ప్రొద్దుటూర్లో దిగి మా అమ్మ అంగడికి పోతా. రుఖయ్యాను ఆడనే బళ్ళో చేర్పిస్తా. నువ్వెవురమ్మాయివని ఎవురన్నా అడిగితే, మహబూబ్బీ మనవరాల్నని చెప్పుకుంటాది.”

చెయ్యి తుడుచుకుని, కొడుకును తెచ్చుకోవడానికి ఎదురింటికి వెళ్ళింది.